జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్: 5 స్టార్లకి 4, ఆ ఒక్కటీ ఎందుకు కత్తిరించానంటే

నాది తెనాలిలో చిన్న బ్లౌజుల షాపు. ఇంతకుముందు నేను రాసిన రివ్యూ ఒక్కటే, కుట్టుమిషను మోటారు గురించి. అది కొన్న నెలకే కాలిపోయింది కాబట్టి రెండు ముక్కల్లో తేలిపోయింది. ఇది అంత తొందరగా తేలేది కాదు. హైదరాబాదులో ఒక జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్‌కి, అంటే వంశంలో వచ్చే జన్యు సమస్యల్ని చూసి వివరంగా చెప్పే చోటికి, నేనూ మా బావా 2022లో మొదటిసారి వెళ్ళాం, ఆ తర్వాత రెండేళ్ళు తిరిగాం. సెంటర్ పేరు రాయను. మెచ్చుకోడానికి ఎంతుందో తిట్టడానికీ కొంత ఉంది, పేరు పెట్టి తిట్టడం నాకు చేతకాదు. ఇలాంటి సర్వీసు ఒకటి ఉంటుందని మూడుసార్లు కడుపు పోయేదాకా మాకెవ్వరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

మాది మేనరికం. బావ మా అమ్మకి స్వయానా అన్నయ్య కొడుకు. 2016లో పెళ్ళయింది. 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2021లో ఒకటి, మూడూ మూడో నెల నిండకుండానే పోయాయి. మొదటిసారి మిషను తొక్కడం వల్లే అన్నారు. నాది మోటారు మిషను, తొక్కేదేమీ ఉండదు, కాలు ఆనిస్తే చాలు. రెండోసారి దిష్టి అన్నారు. మూడోసారికి అందరిదీ ఒకటే మాట, "మేనరికం కదమ్మా, అంతే మరి." అత్తయ్య కూడా "నేను ఆ రోజే వద్దన్నాను" అంది. మన పిల్లే మన ఇంటికి రావాలని పట్టుబట్టి ముహూర్తం పెట్టించిందే ఆవిడ.

గైనిక్ డాక్టరుగారు ఇద్దరినీ కార్యోటైప్ చేయించుకోమన్నారు. మన కణాల్లో జన్యువుల్ని మోసే క్రోమోజోముల్ని ఫొటో తీసి, జతలు జతలుగా పేర్చి చూసే టెస్టు అది. దగ్గర్లోని ఒక ల్యాబ్‌లో ఇచ్చాం, చెరి 4,500 రూపాయలు. కుర్రాడు శుక్రవారం సాయంత్రం ఊదారంగు మూత ట్యూబుల్లో రక్తం తీశాడు. పద్నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది, "కల్చర్ రాలేదండి, కణాలు పెరగలేదు, మళ్ళీ ఇవ్వాలి" అని. మళ్ళీ ఇవ్వాలంటే మళ్ళీ డబ్బులు. నేను గొడవ పెట్టుకున్నాను, బావ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆ కోపంలోనే "అసలు దీనికి పెద్ద డాక్టర్లు ఉండరా" అని వెతికితే ఈ సెంటర్ దొరికింది.

రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగాం. అపాయింట్‌మెంట్ 11 గంటలకి, పిలిచింది 1:20కి. హాల్లో గోడ మీద ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది నేరం అని పెద్ద బోర్డు ఉంది. దాని కింద కూర్చున్నాం. రిసెప్షన్ అమ్మాయి ఫారం నింపుతూ హాలంతా వినబడేట్టు "మేనరికమా మేడమ్?" అని అడిగింది. ఇరవై తలకాయలు మా వైపు తిరిగాయి. ఆ ఫారం నా చేతికిస్తే నేనే టిక్కు పెట్టేదాన్ని కదా.

లోపలికి వెళ్ళాక మాత్రం కథ వేరు. డాక్టరమ్మ మొదట రిపోర్టులేవీ అడగలేదు. ఒక పెద్ద తెల్ల కాగితం టేబుల్ మీద పరిచి "మీ అమ్మమ్మ దగ్గర నుంచి మొదలుపెడదాం" అన్నారు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. మామూలు పెళ్ళికి ఒక అడ్డగీత, మాకు మాత్రం రెండు గీతలు గీశారు. రక్తసంబంధంలో పెళ్ళంటే అలా గీస్తారట. ఆ రెండు గీతల్ని చూసి నా గుండెలో రాయి పడింది, ఇదిగో మళ్ళీ అక్కడికే వచ్చాం అనుకున్నాను.

"పుట్టిన పిల్లలే కాదు, కడుపులో పోయినవాళ్ళని కూడా చెప్పండి" అన్నారు. వాళ్ళకి చిన్న త్రికోణాలు. నా కింద మూడు పడ్డాయి. అమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నీకు ముందు రెండు పోయాయమ్మా, ఎప్పుడూ చెప్పలేదులే" అంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ మాట ఒక డాక్టరుగారి గదిలో విన్నాను. పిన్నికి ఒక త్రికోణం, పక్కనే ఒక చదరం. పిన్ని పెద్దకొడుకు ఆ చదరం. మా చిన్నప్పుడు వాడిని అందరూ అమాయకుడు అనేవాళ్ళు. మెత్తగా ఉండేవాడు, మాటలు సరిగా రాలేదు, కళ్ళు కొంచెం పైకి వాలి ఉండేవి. గుండెలో రంధ్రం అన్నారు, ఆరేళ్ళకే పోయాడు. ఏ టెస్టూ చేయించలేదు. డాక్టరమ్మ ఆ చదరాన్ని పెన్నుతో నింపారు. "చూడకుండా చెప్పకూడదు గానీ, డౌన్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు" అన్నారు. తర్వాత పెన్ను ఎత్తి అమ్మ సున్నా, పిన్ని సున్నా, నా సున్నా మూడింటి చుట్టూ గాల్లోనే ఒక గీత తిప్పారు.

"ఇది మేనరికంలో వచ్చే తీరులా లేదు. మీ అమ్మగారి వైపు నుంచి వస్తున్నట్టుంది. కాకపోతే మీ అమ్మమ్మే వీరికి నాయనమ్మ కాబట్టి ఇద్దరినీ చూడాల్సిందే" అన్నారు. బావ అప్పటిదాకా కుర్చీ చివర కూర్చున్నవాడు ముందుకి జరిగి కాగితం మీదకి వంగాడు.

రక్తం పచ్చ మూత ట్యూబులో తీశారు. ఊదా మూత గురించి అడిగితే టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పాడు. మామూలు బ్లడ్ కౌంట్‌కి ఊదా మూత చాలు. ఈ టెస్టుకి మాత్రం తెల్లకణాలు బతికుండాలి, మూడు రోజులు ల్యాబ్‌లో పెంచాలి. అందుకని హెపారిన్ అనే, రక్తం గడ్డకట్టనివ్వని మందు ఉన్న పచ్చ మూత, ఆలస్యం చేయకుండా పంపడం ముఖ్యం. శుక్రవారం సాయంత్రం తీసి శని, ఆదివారాలు ఎక్కడో పడేస్తే అంతే. ఆ కణాల్ని విభజన మొదలుపెట్టమని రెచ్చగొట్టడానికి రాజ్మా గింజల నుంచి తీసిన పదార్థం వేస్తారట. అవి రెండుగా చీలబోయే సమయానికి కోల్చిసిన్ లాంటి మందుతో ఎక్కడివాటిని అక్కడే ఆపేస్తారు. క్రోమోజోములు పొట్టిగా, లావుగా, విడివిడిగా కనబడేది ఆ క్షణంలోనే. పల్చటి ఉప్పునీళ్ళలో ఉబ్బించి, గాజుపలక మీద చుక్కలుగా వదిలి, రంగు వేస్తే చారలు తేలతాయి. ఆ చారల్ని బట్టే ఏది ఎన్నో నంబరో గుర్తుపడతారు. నాకు జరీ అంచుల్ని బట్టి చీర ఎక్కడిదో చెప్పడం గుర్తొచ్చింది. ఇంతమంది రోగుల మధ్య ఒక బ్లౌజులు కుట్టేదానికి ఇంత చెప్పిన ఆ అబ్బాయికి నా తరఫున ఒక స్టార్ పూర్తిగా.

ఇప్పుడు తిట్ల వంతు. 15 రోజులన్న రిపోర్టు 24 రోజులకి వచ్చింది. అది సరే. ఎలా వచ్చిందంటే, రాత్రి 9:40కి వాట్సాప్‌లో. షట్టరు దించుతుంటే ఫోన్ మోగింది. బావది 46, ఎక్స్‌వై, నార్మల్. నాది 45. ఆ తర్వాత ఎక్స్‌ఎక్స్, డెర్ అని ఏదో, బ్రాకెట్లో 14, 21. అందరికీ 46 ఉంటాయని టెన్త్‌లో చదివాను. నాకు ఒకటి తక్కువ. షట్టరు సగం దించి ఆ గడప మీదే కూర్చుండిపోయాను. కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ మూడు రోజుల తర్వాత. ఆ మూడు రాత్రులూ గూగుల్‌లో ఏం చూశానో, ఏం అర్థం చేసుకున్నానో నాకే తెలుసు. తాళిబొట్టు తీసి అత్తయ్య చేతిలో పెట్టేయాలన్నంత దూరం వెళ్ళాను. నేను కత్తిరించిన స్టారు దీనికే. ఆలస్యానికి కాదు, మేనరికమా అని అరిచినందుకు కూడా కాదు. ఇలాంటి రిపోర్టుని మనిషి ఎదుట పెట్టి చెప్పాలి. చెప్పే మనిషి మీ దగ్గరే ఉన్నప్పుడు ఆ రాత్రిపూట పీడీఎఫ్ ఎందుకు?

డాక్టరమ్మకి ఈ సంగతి చెబితే ఆవిడ నిజంగానే నొచ్చుకున్నారు. ఆ తర్వాత 50 నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. ఫీజు 1,500. నేను పెట్టిన డబ్బులన్నిట్లో గిట్టుబాటైంది అదే.

"మీకు తక్కువేమీ లేదు, రెండు కలిసి ఒకటయ్యాయి" అని మొదలుపెట్టారు. 14వ నంబరు క్రోమోజోము ఒకటి, 21వ నంబరు ఒకటి అతుక్కుపోయాయి. లెక్కకి 45, సరుకు మాత్రం దాదాపు పూర్తిగా ఉంది. అతుక్కునేటప్పుడు రెండింటి పొట్టి కొసలు రాలిపోతాయి గానీ, వాటిలో ఉండే జన్యువులకి నకళ్ళు వేరే క్రోమోజోముల మీద కూడా ఉంటాయి, అందుకని నాకే ఇబ్బందీ లేదు. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. 1916లో రాబర్ట్‌సన్ అనే ఆయన మిడతల్లో ఇలాంటిది చూశాడట. మనుషుల్లో సుమారు వెయ్యికి ఒకరికి ఇలాంటి అతుకు ఏదో ఒకటి ఉంటుందట. "అంటే తెనాలిలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట" అన్నాను. "వందకి పైనే" అన్నారు. ఎందుకో ఆ మాటకి ఊపిరి ఆడింది.

మనిషికి 46 అని తేలిందే 1956లో, అంతకుముందు డాక్టర్లు కూడా 48 అనుకునేవాళ్ళు అని చెప్పారు. డౌన్ సిండ్రోమ్‌లో 21వది మూడు ఉంటాయని 1959లో తెలిసింది. 1956 అంటే మా అమ్మమ్మకి పదేళ్ళు. ఆ తరం వాళ్ళు దిష్టి అన్నారంటే వాళ్ళని ఏమనగలం? 21 నిజానికి అన్నిటికన్నా చిన్నదట. సైజు ప్రకారం నంబర్లు వేస్తూ వచ్చి చివర్లో 21, 22 తారుమారు చేశారట. కొలతలు తీసేవాళ్ళకి అలాంటివి జరుగుతూనే ఉంటాయి.

మరి గండం ఎక్కడ? అండం తయారయ్యేటప్పుడు. మామూలు కణం రెండయ్యేటప్పుడు 46కీ నకలు తీసి చెరి 46 పంచుకుంటుంది. అండం దగ్గర మాత్రం ప్రతి జతలో ఒక్కటే వెళ్ళాలి, 23. తెలుగు మీడియంలో క్షయకరణ విభజన అని బట్టీ పట్టాం, ఇంగ్లీషులో మియోసిస్. నా దగ్గర జతలు సరిగ్గా లేవు కాబట్టి పంపకం తేడా వస్తుంది. ఆవిడ రంగు పెన్నులతో గీసి చూపించారు, తల ఊపాను, కానీ బస్సెక్కేసరికి మర్చిపోయాను.

ఇంటికొచ్చాక రాత్రి కటింగ్ టేబుల్ మీద దారాలతో వేసుకున్నాను. 14కి పొడుగు ఎర్రదారం, 21కి పొట్టి పచ్చదారం. నా దగ్గర విడిగా ఒక ఎరుపు, విడిగా ఒక పచ్చ, ముడేసిన ఎరుపు-పచ్చ ఒకటి, మొత్తం మూడు ముక్కలు. మూడింటిని రెండు వైపులకి ఎలా పంచినా ఒక వైపు రెండు, ఒక వైపు ఒకటి. విడి ఎరుపు, విడి పచ్చ ఒక వైపు వెళ్తే ఆ అండం అందరిలాంటిది. అవతల మిగిలిన ముడిముక్క ఒక్కటే వెళ్తే నాలాంటిది, అదీ మంచిదే. ముడిముక్కతో విడి పచ్చ వెళ్తే, బావ వైపు నుంచి వచ్చే పచ్చతో కలిపి మూడు పచ్చలు, అది డౌన్. అప్పుడు అవతల ఎరుపు ఒక్కటే ఉంటుంది, పచ్చ చాలదు, అది నిలవదు. ముడిముక్కతో ఎరుపు వెళ్తే మూడు ఎరుపులు, నిలవదు. అవతల పచ్చ ఒక్కటే, ఎరుపు చాలదు, అదీ నిలవదు. ఆరు రకాలు. వాటిలో మూడు రకాలు మూడో నెల దాటేవే కావు. నా మూడు త్రికోణాలు ఎక్కడి నుంచి వచ్చి ఉంటాయో టేబుల్ మీద కనబడ్డాయి. బావ భోజనానికి పిలవడానికి వచ్చి, దారాలు చూసి, ఏమీ అనకుండా లైటు ఇంకొంచెం కిందకి దించి వెళ్ళాడు.

ఆరింటిలో రెండే మంచివి అని చూసి హడలిపోకండి, నేను హడలిపోయాను. ఒంట్లో ఆరూ సమానంగా తయారు కావట, మంచి రెండు రకాలే ఎక్కువ వస్తాయి. ఈ అతుకు తల్లికి ఉంటే డౌన్ బిడ్డ అయ్యే అవకాశం నూటికి 10 నుంచి 15, అదే తండ్రికి ఉంటే నూటికి ఒకటి దగ్గర. ఒకే అతుకు, మోసేది ఎవరన్నదాన్ని బట్టి అంత తేడా. డౌన్ పిల్లలందరిదీ మా కథ కాదు. నూటికి 95 మందికి అతుకులేమీ ఉండవు, ఎక్కువగా తల్లి అండంలో పంపకం తప్పి 21వది ఒకటి ఎక్కువ వస్తుంది. మా రకం నూటికి మూడు నాలుగే.

ఆవిడ చెప్పిన వాటిలో నేను ఇప్పటికీ మిషను ముందు కూర్చుని తలుచుకునేది ఒకటుంది. ఆడపిల్లకి ఈ విభజన తల్లి కడుపులో ఉండగానే మొదలై సగంలో ఆగిపోతుందట. పెద్దమనిషయ్యాక నెలకో అండం మళ్ళీ కదులుతుంది. సగం కుట్టిన బ్లౌజుని ముప్ఫై ఏళ్ళు మడిచి పెట్టి, ఒకరోజు తీసి మళ్ళీ అక్కడి నుంచే కుట్టడం లాంటిది. అంత కాలం పెడితే దారం పట్టు సడలదా, వయసు పెరిగితే తేడాలు పెరిగేది అందుకేనట. ఇంకో లెక్క కూడా ఉంది. అమ్మ మా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే నేనయ్యే అండం తయారీ మొదలైంది. ఈ అతుకు అమ్మమ్మ నుంచే వచ్చిందో, తాతయ్య నుంచి వచ్చిందో ఇప్పుడు చూసే వీల్లేదు, ఇద్దరూ లేరు. అమ్మ టెస్ట్ చేయించుకుంది. తనకీ 45.

మేనరికం సంగతి నేనే మళ్ళీ అడిగాను, బావ ఎదుట తేలిపోవాలని. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. మేనరికానికి భయం ఉండదని కాదు, ఆ భయం వేరు అన్నారు. తలసీమియా లాంటి జబ్బుల్లో ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరి దగ్గర నుంచీ రావాలి, బంధువులకి ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మామూలుగా ఏ జంటకైనా తీవ్రమైన లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, మేనబావా మరదళ్ళకి దాదాపు రెట్టింపు. అందుకని మా ఇద్దరికీ తలసీమియా క్యారియర్ టెస్ట్, అంటే ఆ లోపం మాలో దాగి ఉందేమో చూసేది, కూడా చేశారు, లేదు. క్రోమోజోముల అతుకు మాత్రం ఒక్కరి దగ్గర ఉంటే చాలు, నేను ఏ ఊరివాడిని చేసుకున్నా నాతో వచ్చేదే. ఈ ముక్క తెలుగులో రాసివ్వమని అడిగాను, అత్తయ్యకి చూపించడానికి. రాసిచ్చారు, సంతకం పెట్టి. సెంటర్ రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇది ఇంకో లోటు. ఆ సంతకం కాగితం మా ఫ్రిజ్ మీద ఆరు నెలలు ఉంది. అత్తయ్య ఏమీ అనలేదు, ఒకరోజు దాన్ని తీసి దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది.

తర్వాత ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు, ఏమేం చేయొచ్చో చెప్పారు. ఐవీఎఫ్ చేసి పిండాన్ని పరీక్షించి పెట్టించుకోవచ్చు, లక్షల్లో అవుతుంది. మామూలుగా గర్భం వచ్చాక 11 నుంచి 14 వారాల మధ్య మాయ ముక్క తీసి చూడొచ్చు, లేదంటే 16 వారాల దగ్గర ఉమ్మనీరు తీసి చూడొచ్చు. ఏ టెస్టూ వద్దనుకుని ఏ బిడ్డ వచ్చినా పెంచుకోవచ్చు, దాన్ని కూడా మిగతావాటితో సమానంగానే చెప్పారు. నేను మా పిన్ని కొడుకుని తలుచుకున్నాను. వాడు నా పావడా అంచు పట్టుకుని తిరిగేవాడు.

మేము ఉమ్మనీరు టెస్టుకి వెళ్ళాం. సూది అంటే నాకు పనిముట్టు, అయినా ఆ సూది చూసి బావ చెయ్యి గిల్లేశాను. రిపోర్టు ఈసారి వాట్సాప్‌లో రాలేదు, నేను ముందే అడిగి పెట్టుకున్నాను, పిలిచి చెప్పారు. బిడ్డకీ 45, నాలాగే అతుకు, లెక్క సరి. ఆడో మగో తెలిసే చోట మాత్రం రిపోర్టులో ఏమీ లేదు. 1994 చట్టం ప్రకారం చెప్పకూడదు. పాప పుట్టి ఇప్పుడు ఏడు నెలలు. దాని రిపోర్టు బీరువాలో దాని బంగారంతో పాటు పెట్టాను.

డబ్బుల లెక్క అడిగేవాళ్ళకి: మొదటి ల్యాబ్‌లో పోయినవి కాకుండా కార్యోటైపులు, కౌన్సెలింగ్, తలసీమియా, ఉమ్మనీరు, బస్సులు అన్నీ కలిపి మాకు యాభై వేలు దాటింది. అంత పెట్టలేనివాళ్ళు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ కనుక్కోండి. వెళ్ళే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పోయిన గర్భాలన్నీ అడిగి రాసుకోండి. మేము ఫోన్‌లో అడిగాం, అమ్మ మొహం చూడలేకపోయాను.

పిన్నికి మాత్రం నచ్చజెప్పలేకపోతున్నాను. చెప్పానుగానీ వినలేదు. పిన్ని కూతురికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. "పెళ్ళయ్యాక చూసుకోవచ్చులే, ఇప్పుడు టెస్టులంటే ఎవడు చేసుకుంటాడు" అని పిన్ని, "దాని నోరు మూయించు" అని బాబాయి, అమ్మతో. డాక్టరమ్మని అడిగితే, పిల్ల మేజర్, తను అడిగితే చెప్పండి, అడగకుండా వెంటపడకండి అన్నారు. వెంటపడలేదు. మొన్న ఆదివారం చెల్లెలు దాని బ్లౌజు ఆల్టరేషన్ వంకతో షాపుకి వచ్చింది. చంక దగ్గర బిగుతు అంది, బిగుతేమీ లేదు. కొలతలు తీసుకుంటుంటే నా చెవి దగ్గరకి వచ్చి, "అక్కా, ఏ రంగు మూత ట్యూబు?" అని అడిగింది.

పచ్చ అని చెప్పాను. శుక్రవారం ఇవ్వద్దని కూడా చెప్పాను.